రెండేళ్లు రావాల్సిన ప్యాంటు

ఈ జూన్‌లో మా వీధి వెనుక ఉన్న హైస్కూలు వాళ్లు నన్ను పిలిచి, ఎనిమిదో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకు రెండు మంచి మాటలు చెప్పమన్నారు. విషయం కూడా వాళ్లే ఇచ్చారు: 'మీరు మీలాగే ఉండండి.' నేను నాచారంలో బట్టలు కుట్టే మనిషిని. ఆ బడి యూనిఫాంలు సగం నా మిషను మీదుగానే వెళ్తాయి కాబట్టి పిలిచారేమో. లేదంటే ఆ పూట రావలసిన పెద్దమనిషి ఎవరో ఎగ్గొట్టి ఉంటాడు. ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. మైకు చేతికిచ్చారు. బాగా చదువుకోండి, అమ్మానాన్నల మాట వినండి అని చెప్పి మైకు తిరిగి ఇచ్చేశాను. దిగి వచ్చేశాను. పిల్లలు చప్పట్లు గట్టిగానే కొట్టారు. తొందరగా వదిలిపెట్టినందుకే కొట్టారని నాకు తెలుసు.

ఇంటికొచ్చాక నా మీద నాకే ఒళ్లు మండింది. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేక కాదు. ఒక సంగతి ఉంది, కానీ అది మైకు ముందు నిలబడి చెప్పేది కాదు. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాలి. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మా జూన్ నెల గురించి చెప్పాలి. ఆ బళ్లో ఏడో తరగతి దాకా ఆడపిల్లలకు స్కర్టు, చొక్కా. ఎనిమిది నుంచి కుర్తా, ప్యాంటు, పైన కోటు. స్కర్టులంటే ఏఎస్ రావు నగర్ షాపుల్లో రెడీమేడ్ దొరుకుతాయి, పిన్నీసు పెట్టి సర్దుకోవచ్చు. కోటు అలా కాదు, కొలత ఇవ్వాల్సిందే. అంటే నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఒంటి మీద టేపు పడటం అదే మొదటిసారి. ఎవరో కొత్త మనిషి భుజాలు పట్టుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, వాళ్లు ఎంత ఉన్నారో పైకి చదివి రాసుకుంటుంది. నలుగురి ముందు అది పైకి చదవడం వాళ్లకు ఎంత ఇబ్బందో నాకు చాలా ఏళ్లు తట్టలేదు. ఇప్పుడు నోట్లోనే చదువుకుంటాను.

పిల్లలతోపాటు వచ్చిన ప్రతి తల్లీ ఒకటే మాట. "రెండేళ్లు రావాలె అక్కా, జర లూజు వెట్టు." తండ్రి వస్తే మూడేళ్లంటాడు. అందుకే జూన్ నెలలో మా నాచారం రోడ్డు మీద ఎనిమిదో తరగతి పిల్లలంతా, పదో తరగతికి వచ్చాక తాము ఎలా ఉంటారో ఆ మనిషి బట్టల్లో తిరుగుతూ కనిపిస్తారు. చేతులు వేళ్ల దాకా, కోటు మోకాళ్ల దాకా. తీరా ఆ బట్టలు ఒంటికి సరిపోయేసరికి రంగు వెలిసిపోతుంది. నేను మాత్రం పైకి ఒంటికి సరిపడా కుట్టి, పెరగడానికి కావలసిన గుడ్డ లోపల మడతలో వదిలిపెడతాను. కనపడని దాన్ని తల్లులు నమ్మరు. అంచు తిప్పి చూపిస్తే గానీ శాంతించరు.

ఇక పిల్లలు. టేపు తీయగానే మగపిల్లలు ఛాతీ నిండా గాలి పీల్చి బిగబడతారు. బొద్దుగా ఉన్నవాళ్లు పొట్ట లోపలికి లాక్కుంటారు. ఆడపిల్లలు భుజాలు ముందుకు మడుచుకుని, ఉన్నదాంట్లో సగం అయిపోదామని చూస్తారు. అందరికీ నాది ఒకటే పాట. "ఊపిరి వదులు. మామూలుగ నిలబడు." పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే అని అని, నిద్రలో కూడా అంటున్నానట. మా ఆయన నవ్వుతాడు. మొదట్లో నాకు కోపం వచ్చేది, మామూలుగా నిలబడటం కూడా చేతకాదా వీళ్లకు అని. తర్వాత తర్వాత అర్థమైంది, పదమూడేళ్ల పిల్లలకు అంతకన్నా కష్టమైన పని ఇంకోటి లేదు. మామూలుగా అంటే ఎలాగో తెలియక అద్దంలోకి చూస్తారు. అద్దంలో ఉన్నవాళ్లకూ తెలియదు. పాపం, ఇంకెక్కడ వెతుక్కుంటారు?

కిందటేడు జూన్‌లో, బడి తెరిచిన మొదటి వారం. యూనిఫాం తయారయ్యే దాకా పిల్లలు రంగు బట్టల్లో రావచ్చని బడివాళ్లు అనడంతో, అంతా ఒకేసారి నా షాపు మీద పడ్డారు. ఆ రద్దీలో ఎర్ర ఫ్రేము కళ్లద్దాల పిల్ల ఒకతె తండ్రితో వచ్చింది. పొట్టి పిల్ల, చురుకైన కళ్లు. ప్యాంటు పొడవు నేను నడుము నుంచి నేల దాకా కొలుస్తాను. కిందికి వంగి చూస్తే మడమలు రెండూ గాల్లో ఉన్నాయి.

"మడమలు దించు బిడ్డా."

దించింది. టేపు మళ్లీ పట్టేసరికి మళ్లీ లేపింది. ఇంకోసారి దించమన్నాను, ఇంకోసారి లేచాయి. వెనుక పదిమంది వెయిటింగ్. ప్యాంటు నేలకు రాసుకుంటుందని తండ్రికి చెప్పాను. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "ఉండనీ అక్కా, పెరిగే పిల్ల గదా, రెండేళ్లొస్తది" అన్నాడు. సరే అని టేపు చెప్పిందే రాసుకున్నాను.

ఆ మరుసటి రోజో, దాని మర్నాడో ఒక పొడుగు పిల్ల తల్లితో వచ్చింది. తల్లి ఇక్కడే మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఉప్పల్ నుంచి షేర్ ఆటోలో వచ్చి, షిఫ్టు టైం అవుతుందని గుమ్మంలోనే నిలబడి చెప్పులు కూడా విప్పలేదు. పిల్ల పాదాల దాకా జీరాడే లాంగ్ ఫ్రాక్ వేసుకుని ఉంది. లోపలికి వచ్చేటప్పుడు చూశాను, మంచి పొడవు. టేపు పట్టేటప్పటికి అంత ఉన్నట్టు అనిపించలేదు.

"మామూలుగ నిలబడు బిడ్డా."

"మామూలుగనే నిలబడ్డ ఆంటీ."

మాట మామూలుగానే ఉంది కానీ ముఖం నీళ్ల బిందె మోస్తున్నట్టు బిగుసుకుపోయి ఉంది. కొత్త కదా, సిగ్గేమో అనుకున్నాను. కొలత రాసుకున్నాను. తల్లి ఆటో ఎక్కబోతూ కూడా వెనక్కి తిరిగి, "రెండేళ్లు రావాలె అక్కా" అని అరిచింది. ఆమె నస పడలేక ప్యాంటు అంచులో ఎప్పుడూ వదిలేదానికన్నా ఎక్కువే మడిచి కుట్టాను. బట్టలు తీసుకెళ్లడానికి తల్లి ఒక్కతే వచ్చింది. పిల్లకు వేసి చూసే వీలు లేకపోయింది.

వారం తిరగలేదు. సాయంత్రం పూట, షాపులో ముగ్గురు గిరాకీలు కూర్చుని ఉండగా, ఆ తల్లి పిల్లను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"రెండేళ్లు గాదక్కా, రెండు దినాలు గూడ రాలే! సూడు, నువ్వే సూడు. పిక్కల మీదికొచ్చింది. ఈ ప్యాంటు మీద అందరు నవ్వుతున్నరంట. కడుపునొప్పి అని ఇంట్ల పంటది. ఇగ ఈ బడికి పోదంట, ఊర్ల అమ్మమ్మ దగ్గర చదువుకుంటదంట! ఫీజు గట్టి, పుస్తకాలు గొని, ఇప్పుడు గిట్ల మాట్లాడితే నేనేం జెయ్యాలె?" ఊపిరి తీసుకుని అసలు మాట అంది. "బట్ట గిట్ట మిగిలిచ్చుకున్నవా ఏంది?"

దర్జీ పని చేసేవాళ్లను ఏ మాటైనా అనండి, ఆ మాట మాత్రం అనకండి. నా నోరు అసలే మంచిది కాదు. ఇంకో రోజైతే ఒకటికి నాలుగు తగిలించేదాన్ని. ప్యాంటు మీద టేపు పెట్టాను. నేను రాసుకున్న కొలతకు వెంట్రుకవాసి తేడా లేదు. ఇదిగో చూసుకోమని టేపు ఆమె ముఖం మీద పెట్టబోతూ, పిల్ల వైపు చూశాను.

అంత పొడుగు పిల్ల గోడలోకి దూరిపోతుందేమో అన్నట్టు నిలబడి ఉంది. నా వైపు ఒక్కసారి కళ్లెత్తింది. చెప్పకు ఆంటీ అని ఎవరైనా అంత గట్టిగా, నోరు తెరవకుండా అడగడం నేను ఎప్పుడూ చూడలేదు. అప్పుడు గుర్తొచ్చాయి ఆ లాంగ్ ఫ్రాకు, ఆ బిగుసుకున్న ముఖం. ఫ్రాకు లోపల మోకాళ్లు ఏ తీరుగా ఉన్నాయో అర్థమైంది.

"తప్పు నాదే అక్కా" అన్నాను. "టేపు జారినట్టుంది. కొలత మల్ల తీస్త. నువ్వు పొయ్యి కూరగాయలు తెచ్చుకో, ఈలోపల చేసిపెడ్త."

ముగ్గురు గిరాకీల ముందు, టేపు జారిందని నా నోటితో నేనే అన్నాను. తల్లి సగం చల్లబడి, సగం అనుమానంతో వెళ్లింది. గిరాకీలు కూడా ఒక్కొక్కరే లేచి వెళ్లారు. పిల్లను కటింగ్ టేబుల్ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను.

"మోకాళ్లు వంచినవ్ గదా?"

తల ఊపింది.

"ఎందుకు బిడ్డా?"

"బళ్లె అట్లనే నిలబడ్త గద ఆంటీ, రోజు. అందుకే అట్లనే ఇచ్చిన."

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత మెల్లగా, ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఏడో తరగతి దాకా ఉప్పల్‌లో ఒక చిన్న బడి. అక్కడ ఒకటో తరగతి నుంచి ఒక దోస్తుతో ఒకే బెంచీ. తక్కినవాళ్లంతా తలా ఒక బళ్లోకి వెళ్లిపోతే, ఈ హైస్కూలుకు వచ్చింది వాళ్లిద్దరే. ఇక్కడ ప్రేయర్ లైను ఎత్తును బట్టి. క్లాసులో బెంచీలు కూడా ప్రేయర్ లైను లెక్కనే. దోస్తేమో పొట్టి. ఎత్తు చూసి నిలబెడితే ఒకరు ఈ చివర, ఇంకొకరు ఆ చివర. కొత్త బడి, పెద్ద బడి, తెలిసిన ముఖం అదొక్కటే. అందుకని మొదటి రోజే ఫ్రాకు లోపల మోకాళ్లు వంచి నిలబడింది. పీఈటీ సారు ఒక చూపు చూసి లైను మధ్యలో పెట్టాడు. దోస్తు కూడా ఎలాగో మధ్యలోనే పడింది. వారం రోజులు ఒకరి వెనుక ఒకరు.

"ప్యాంటేసుకున్నంక వంచితే మోకాళ్లు కనవడ్డయి ఆంటీ. సార్ వచ్చి, ఏంది, కూసుంటున్నవా నిలబడుతున్నవా అన్నడు. అందరు నవ్విన్రు. లాస్టుకు పంపిండు. బెంచి గూడ లాస్టే. సీదా నిలబడేసరికి ప్యాంటు పైకొచ్చింది. ఇగ పిల్లర్, పిల్లర్ అంటున్నరు. నీ నంబర్ ఎంత, నీ దగ్గర దిగాల్నా అనుకుంట."

మా ఉప్పల్ వైపు అడ్రసంటే మెట్రో పిల్లరు నంబరే. ఇంకో రోజైతే ఆ వెక్కిరింత విని నేనూ నవ్వి ఉండేదాన్ని. ఆ పిల్ల చెంపల మీద నీళ్లు చూశాక నవ్వు రాలేదు. పొట్టిగా కనిపించడానికి ఇచ్చిన కొలత ఆమెను ఉన్నదానికన్నా పొడుగు చేసి నలుగురిలో నిలబెట్టింది. ఇంత తెలివితో ఇంత పిచ్చి పని ఆ వయసులోనే చేయగలరు.

అప్పుడు ఆమె అన్న మాటల్లో ఒకటి నాకు తట్టింది. పొట్టి పిల్ల లైను మధ్యలోకి ఎలా వచ్చింది?

"నీ దోస్తుకు ఎర్ర కండ్లద్దాలా?"

"మీకెట్ల ఎరుక?"

నేను లేచి, రాడ్డుకు వేలాడుతున్న బట్టల్లోంచి ఒక ప్యాంటు తీశాను. ఆ పొద్దునే ఒక తండ్రి ఇచ్చి వెళ్లాడు, నేల ఊడుస్తోంది, పిల్ల రెండుసార్లు తట్టుకుని పడింది, కురచ చేయమని. దాన్ని టేబుల్ మీద పరిచాను. ఈ పిల్లకు గోడకు తగిలించిన లుంగీ ఇచ్చి, తెర వెనుక ప్యాంటు మార్చుకుని రమ్మన్నాను. ఆ ప్యాంటును మొదటి దాని పక్కన, నడుము పట్టీకి నడుము పట్టీ ఆనించి పరిచి, కింది దాకా చేత్తో నిమిరాను.

రెండూ ఒకే పొడవు. అంచుకు అంచు కలిసిపోయింది.

పిల్ల వంగి చూసింది. అంచుల మీద వేలు పెట్టి ఇటు నుంచి అటు జరిపింది. "ఇది దానిదా?"

"దానిదే. మడమలు లేపి కొలిపిచ్చుకున్నది. ఎన్నిసార్లు దించినా మల్లమల్ల లేపింది."

"నాకు చెప్పలే."

"నువ్వు దానికి చెప్పినవా?"

నవ్వింది. లుంగీ చుట్టుకుని, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, వంగిపోయి నవ్వింది. నవ్వీ నవ్వీ ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఆ ఇద్దరు పిల్లల మీద పొంగుకొచ్చిన ప్రేమకు ఏం చేయాలో తెలియక, చాక్ ముక్క తీసుకుని టేబుల్ మీద ఊరికే గీతలు గీశాను.

తర్వాత మడత కుట్లు విప్పడానికి బ్లేడు తీసుకున్నాను. పిల్ల ముక్కు తుడుచుకుంటూ నా చేతినే చూస్తోంది. "మీరు ఎడమ చెయ్యితోని చేస్తరా?"

చేస్తాను. ఆమెకు చెప్పిందే మీకూ చెప్తాను. పదమూడేళ్లప్పుడు జనగామ వైపు నుంచి ఉప్పల్ వచ్చి ఇక్కడి హైస్కూల్లో చేరాను. ఊళ్లో అందరూ ఎడమచేతి పిల్ల అని ఏడిపించేవారు. కొత్త బళ్లో ఎవరికీ తెలియదు కదా అని మొదటి రోజు నుంచే కుడిచేత్తో రాయడం మొదలుపెట్టాను. ఎవరూ కనిపెట్టలేదు. కాకపోతే అన్నీ కోడిగీతలు, పరీక్షలో సగం ప్రశ్నలు మిగిలిపోయేవి. టీచర్లు మొద్దు పిల్ల అనుకున్నారు. ఎడమచేతి పిల్ల అనిపించుకోవడం కన్నా అదే నయమనిపించింది నాకు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మొద్దు పిల్లను దగ్గరికి తీసుకుని జడ వేయాలనిపిస్తుంది. కుట్టు క్లాసులో కత్తెర పట్టిన రోజున మాత్రం అది దానంతటదే ఎడమ చేతిలోకి వెళ్లిపోయింది. టీచరమ్మ చూసి, "అరె, గుడ్డ సీదా తెగుతుంది గదా, గట్లనే కొయ్యి" అంది. అంతే. పెద్ద ఉపదేశమేమీ ఇవ్వలేదు. ఆ ఒక్క మాట మీద ఇన్నేళ్లుగా బతుకుతున్నాను.

కొత్తగా హైస్కూలు మెట్లెక్కే పిల్లలకు అన్నీ బాగవుతాయని నేను చెప్పలేను. ఆ పొడుగు పిల్లకూ చెప్పలేదు. ఎత్తు తగ్గదు. లైను మారదు. పిల్లర్ అనేవాళ్లు ఇంకొన్నాళ్లు అంటారు. నేను అడిగింది ఒక్కటే.

"ప్రేయర్ ఎంతసేపుంటది?"

"జరసేపే."

"ఇంటర్వల్ల ఎత్తు జూసి నిలబెడ్తరా?"

"నిలబెట్టరు."

"అన్నం తినేటప్పుడు?"

"లేదు."

"మరి జరసేపటి కోసం ఒకతి మోకాళ్లు నొప్పి, ఒకతి మడమలు నొప్పి. దానికి నువ్వు పొట్టిగ గావాల్నని ఎవరన్నరు? నీకు అది పొడుగు గావాల్నా?"

"వద్దు. అది అట్లనే మంచిగుంటది" అని గబుక్కున అంది. అని, తను అన్న మాట తనకే వినిపించినట్టు ఆగిపోయింది.

"మంచిది. లే. కొలత తీద్దాం."

ఆమె లేచి టేబుల్ ముందుకు వచ్చింది. నేను టేపు తీశాను. నోటికి అలవాటైన మాటే వచ్చింది: ఊపిరి వదులు, మామూలుగ నిలబడు. ముందు ఊపిరి వదిలింది. తర్వాత మోకాళ్లు, ఆ తర్వాత భుజాలు, చివరికి మెడ. తల వెళ్లి పైన వేలాడుతున్న కోట్ల అంచులకు తగిలింది. తల వంచలేదు, చేత్తో కోట్లను పక్కకు జరిపింది. భుజం కొలత కోసం నేను మునివేళ్ల మీద లేవాల్సి వచ్చింది. ఎంత చక్కటి పొడవో! నా దిష్టే తగులుతుందేమో అని భయమేసింది. నడుము నుంచి నేల దాకా టేపు పట్టి, నోట్లోనే చదువుకుని రాసుకున్నాను. ఎక్కువగా వదిలిన మడత అంతా విప్పితే సరిగ్గా సరిపోతుంది. ఆ తల్లి నసే కాపాడింది.

ఆమె కొత్తిమీర కట్ట పట్టుకుని తిరిగి వచ్చింది. రెండు ప్యాంట్లు చూసింది, పిల్ల కళ్లు చూసింది. గొంతు తగ్గించి, "ఈసారన్న సరిగ్గ దీసినవా అక్కా? ఎంతొచ్చింది?" అంది.

నేను చెప్పేలోపే పిల్ల నా చేతిలో టేపు వైపు వంగి, అంకె చూసి, వీధిలోకి వినిపించేంత గట్టిగా పైకి చదివింది.

"అమ్మో, గంతనా!" అంది తల్లి. వెంటనే అసలు చింత గుర్తొచ్చింది. "మడతంత విప్పితే ఎట్ల మరి? రెండేళ్లొస్తదా?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. పిల్ల నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"రాదమ్మా" అంది. "నేనింక పెరుగుత."